మర్యాద తెలిసిన వరద

వీధిలో ఆమెను అందరూ కుట్టక్క అంటారు. బట్టలు కుడుతుంది కాబట్టి అని కొత్తగా దిగినవాళ్ళు అనుకుంటారు. పాతకాపులకు అసలు సంగతి తెలుసు. మిషను నడుస్తున్నంతసేపూ సూది కుడుతుంది, మిషను ఆగితే ఆవిడ నోరు కుడుతుంది. మొదటిదానికి మజూరీ పుచ్చుకుంటుంది, రెండోది ఉచితం.

ఆ రోజు ఉచిత సేవ పొద్దున్నే మొదలైంది. గుమ్మంలో ఇంజినీరు నిలబడి ఉన్నాడు.

“ఏం లేదక్కగారూ, సైరను మోగగానే మీరు ర్యాంపు మీదుగా నవ్వుతూ పైకి వచ్చెయ్యాలి. అంతే. పెద్ద మేడం మీ పక్కనే నడుస్తారు. ఫొటో తీస్తారు.”

“వరదొస్తే నవ్వుతూ రావాలా?”

“ఫొటో కోసమండీ.”

“మరి వరదని కూడా నవ్వమన్నారా, లేక ఆ డ్యూటీ నాకొక్కదానికేనా?”

ఇంజినీరు తనే నవ్వేసి, చొక్కా నలగకుండా వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఈ పేటలో కొత్తగా కట్టిన వరద షెల్టరు అతని చేతి చలవే. ఇవాళ అందులో డ్రిల్లు. అంటే వరద వచ్చినట్టు నటించి, జనమంతా వెళ్ళి అందులో తలదాచుకోవడం. అది సవ్యంగా జరిగితే మున్సిపల్ ఆఫీసు పెద్ద మేడం సరేనంటుంది. ఆవిడ సరేనంటే, కూడలి దగ్గర ఇన్నాళ్ళూ జనానికి ఆసరాగా ఉన్న బడి హాలుని రేపట్నుంచి గోడౌనుగా వాడుకుంటారు.

కుట్టక్కకు గుబులంతా అక్కడే ఉంది. చిన్నప్పుడే పోలియోతో ఆవిడ కాళ్ళు చచ్చుబడ్డాయి. చక్రాల కుర్చీలో కూర్చుని, మిషను మోటారు పెడల్ని బల్లమీదకు ఎత్తించుకుని, ఎడమ మోచేత్తో నొక్కుతూ సగం పేట పిల్లలకు స్కూలు యూనిఫారాలు కుడుతుంది. బడి హాలు గుమ్మం రోడ్డుతో సమానం. చక్రాలు గడప అడక్కుండా లోపలికి పోతాయి. కొత్త షెల్టరేమో స్తంభాల మీద, మనిషెత్తున నిలబడి ఉంది.

అలా ఎందుకు కట్టారో ఆవిడకి తెలియక కాదు. ఒకప్పుడు ఆ వీధికి వరద చుట్టపుచూపుగా వచ్చేది. ఎప్పుడో వచ్చి, గుమ్మం తడిపి, తన దారిన తాను పోయేది. ఈమధ్య వానలకు వావీ వరసా లేకుండా పోయింది. ఏటేటా అద్దెకు దిగినట్టు దిగి, మంచాలూ బీరువాలూ వాడుకుని మరీ పోతోంది. పోయినేడు బడి హాల్లోకీ మడమ లోతు వచ్చింది. ఎత్తు మీద షెల్టరు కావాల్సిందే. కాకపోతే, ఎత్తు మీద ఉన్నదాన్ని ఎక్కాలి కదా!

“నేనున్నాగా అక్కా, ఎత్తుకుంటా,” అంటాడు తమ్ముడు.

పోయినేడు ఎత్తుకున్నది వాడే. నడుం లోతు నీళ్ళలో అక్కను వీపున వేసుకుని హాలుకు చేర్చాడు. అక్క చేరింది గానీ వాడి నడుమే ఇంకా ఇంటికి చేరలేదు. బకెట్ కూడా ఎత్తొద్దన్నాడు డాక్టరు. అప్పట్నుంచీ వాడు కుర్చీలో కూర్చోవాలన్నా వాయిదాల మీద కూర్చుంటాడు. అయినా ‘ఎత్తుకుంటా’ అనే మాట మాత్రం బరువు లేకుండా ఎత్తుకుంటూనే ఉంటాడు.

“నువ్వు ముందు నీ టవలు ఎత్తుకో, కింద పడింది,” అంది కుట్టక్క. “పద, ఆ ర్యాంపేదో చూసొద్దాం.”

ఇన్నాళ్ళూ షెల్టరు చుట్టూ రేకులు కట్టి, వెనక సందంతా కంకరపోసి ఉంచారు. అందుకని ర్యాంపు ఉందని వినడమే గానీ ఆవిడ కళ్ళారా చూసింది లేదు. వెళ్తూ వెళ్తూ తన కుట్టు కొట్టుకు ఎదురుగా ఉన్న ఇస్త్రీ బండి దాటింది. ఇస్త్రీ అన్న తల వంచుకుని ఎవరిదో ప్యాంటు మడత తిన్నగా తెస్తున్నాడు. పుట్టుచెవుడు. వాన పట్టేలా ఉంటే కుట్టక్క ఖాళీ దారపు రీలొకటి అతని బల్లమీదకు విసురుతుంది. అతను తల ఎత్తి, ఆకాశం చూసి, బట్టలు సర్దుకుంటాడు. వాళ్ళిద్దరి మధ్యా అది ఫోను. ఈ రోజు మాత్రం కుట్టక్క అటు చూడనే లేదు. మనసంతా ర్యాంపు మీద ఉంది.

షెల్టరు ముఖం పెద్ద రోడ్డు వైపు. దర్జాగా వెడల్పాటి మెట్లు, పైన బ్యానరు: ‘మారుతున్న వాతావరణానికి మన సర్దుబాటు: అందరినీ కలుపుకొని!’

“కలుపుకొని అన్నారక్కా,” అన్నాడు తమ్ముడు సంబరంగా.

“చూద్దాం. కలుపుకుంటారో, కలుపు అని పీకేస్తారో. ర్యాంపేది?”

“వెనక.”

“ఆహా. వెనకబడినవాళ్ళం కదా, వెనకే పెట్టుంటారు.”

పెద్ద రోడ్డు నుంచి పక్క దారిలో కిందికి దిగి వెనక సందులోకి తిరగాలి. తిరగగానే ర్యాంపు కనిపించింది. నిజం చెప్పాలంటే కుట్టక్క నోరు ఒక్క నిమిషం మూతపడింది. బాగుంది. ఏటవాలు హాయిగా ఉంది. రెండు వైపులా గొట్టాల కమ్మీలు, మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకోవడానికి చదునైన చోటు. ఎవరి సాయమూ లేకుండా చక్రాలు తోసుకుంటూ సగం దాకా ఎక్కింది. ఎక్కి, వెనక్కి తిరిగి కిందికి చూసింది.

చూడగానే, మూసిన నోరు తలుపు తన్నినట్టు తెరుచుకుంది.

ఎదురింటి గోడ మీద పోయినేటి వరద మరక ఇంకా ఉంది. మట్టి రంగులో, నడుం ఎత్తున, అంచుకట్టిన చీరలా బారుగా. ర్యాంపు మొదలు సరిగ్గా ఆ గోడ కిందే ఉంది. కాలవ పొంగితే మొట్టమొదట మునిగేది ఈ సందే. పెద్ద రోడ్డు ఆఖర్న తడుస్తుంది. అంటే సైరను మోగగానే ఆవిడ రోడ్డు మీదుగా షెల్టరు దాకా పొడిగానే రాగలదు. వచ్చాక ముందువైపు మెట్లు ఉంటాయి, వెనకవైపు నీళ్ళు ఉంటాయి, మధ్యలో ఆవిడ ఉంటుంది.

“ఒరేయ్, వాలు ఉంది గానీ వీలు లేదురా దీనికి!”

ఆ కేకకి ఇంజినీరు పరుగెత్తుకొచ్చాడు. ఆయన వెనకే ఈల మాస్టారు వచ్చాడు. బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. మెడలో ఈల మాత్రం రిటైరు కాలేదు. ఇవాళ్టి డ్రిల్లుకి నియమాల పెద్ద ఆయనే. నియమం ఒకటే. వరద నీళ్ళు ఎందాకా వస్తాయో అందాకా నేల మీద సున్నంతో గీత గీశారు. గీతకి కాలవ వైపున్నదంతా నీళ్ళ కింద లెక్క. అందులో కాలు పెట్టినవాళ్ళకి మాస్టారు ఈల వేస్తాడు. వాళ్ళు మునిగినట్టే. పక్కన వేసిన టెంటు కిందికి పోయి, డ్రిల్లు ముగిసినట్టు సైరను మళ్ళీ మోగేదాకా కదలకుండా కూర్చోవాలి.

కుట్టక్క ర్యాంపు దిగి వచ్చి ఆ గీతను చూసింది. ఎదురింటి గోడ మరక ఎత్తుకి సరిగ్గా సమానంగా, తాడు పట్టి గీసినట్టు తిన్నగా వచ్చింది. వచ్చి వచ్చి, ర్యాంపు దగ్గరకి రాగానే ఒక్కసారి ఒదిగి, కాలవ వైపు గుండ్రంగా తిరిగి, ర్యాంపుకి దారి వదిలి, అవతల మళ్ళీ తిన్నగా పోయింది.

“ఇంజినీరు బాబూ, ఇక్కడ గీతకేమైంది? కడుపునొప్పా?”

“అదీ... మీ సౌకర్యం కోసమేనండీ.”

“అంటే?”

“తిన్నగా గీస్తే ర్యాంపు నీళ్ళలోకి వస్తుంది కదండీ. మీకు ఇబ్బంది అవుతుందని, కొంచెం... సర్దాం.”

“ఎవర్ని సర్దారు? వరదనా?”

“డ్రిల్లు వరకేనండీ.”

“భలే వరద! దీనికున్న మర్యాద మా బంధువులక్కూడా లేదు. ‘అమ్మగారు కుర్చీలో వస్తున్నారు, జరగండి జరగండి’ అని పక్కకి ఒదిగింది చూడు! మరి పోయినేడు నా మిషను మునిగినప్పుడు ఈ మర్యాద ఏ కాలవలో కలిసింది?”

ఇంజినీరు చెమట తుడుచుకున్నాడు. అతను చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టడానికి ఇంత శ్రమ ఉండేది కాదు. “ముందువైపు మెట్లకే చోటు సరిపోయిందండీ. ఖాళీ వెనకుంది. పైగా మీటింగులో అడిగాం కదా, ఎటు పెట్టమంటారని. మీ తమ్ముడుగారు ఒప్పుకున్నారు.”

కుట్టక్క మెల్లగా తల తిప్పింది. తమ్ముడు టవలు మడతల్లో ఏదో వెతుక్కుంటున్నాడు.

“ఏరా?”

“ఆ ఆఫీసు మేడ మీద కదక్కా. నిన్ను ఎక్కించలేక నేనే వెళ్ళా కదా. అడిగారు. ఎటైనా పర్లేదండీ, మా అక్క సర్దుకుంటుంది అన్నా.”

“నేను సర్దుకుంటానని నువ్వు చెప్పొచ్చావా?”

“వాళ్ళు మంచిగా అడిగారక్కా. కాదంటే బావుండదని...”

“బావుండదా! నాకు పోలియో వచ్చింది కాళ్ళకిరా, నోటికి కాదు. నా తరఫున నీ తల ఊపడానికి అదేమన్నా ఉయ్యాలా? నీ నడుం నా కోసం పోయింది, సరే. నీ తల కూడా నా కోసమే పోవాలా?”

వాడు ఏడుపు మొహం పెట్టాడు. ఆవిడకి ఇంకా చిరాకు పెరిగింది. తిట్టించుకునేవాడు కనీసం తిరిగి తిట్టకపోతే తిట్టినవాళ్ళకి తృప్తేముంటుంది?

“ఇప్పుడేం చెయ్యలేమండీ,” అన్నాడు ఇంజినీరు. “మేడం వచ్చేస్తున్నారు. ఈసారికి ర్యాంపు ఎక్కెయ్యండి. తర్వాత ఆలోచిద్దాం.”

ఆవిడ ఎక్కితే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. చప్పట్లు కొడతారు. నవ్వుతూ ఎక్కిన ఫొటో గోడకి ఎక్కుతుంది. బడి హాలుకి తాళం పడుతుంది. వానాకాలం వచ్చి, నీళ్ళు వచ్చి, తను రోడ్డు మీద మెట్ల ముందు ఆగిపోతే, లోపలి గోడ మీద తనే తనని చూసి నవ్వుతూ ఉంటుంది. నడుం విరిగిన తమ్ముడు ‘ఎత్తుకుంటా’ అని వంగుతాడు. వంగినవాడు మరి లేవడు.

“ఈల మాస్టారూ,” అంది. “మీరు బళ్ళో పరుగుపందాలకి గీతలు గీసేవారు కదా. ఒక పిల్లవాడి కోసం గీతని ఎప్పుడైనా వంకర తిప్పారా?”

మాస్టారు గీత వైపు చూశాడు. అంతదాకా దూరం నుంచి చూశాడే గానీ వంపు గమనించలేదు. ఎదురింటి మరక చూశాడు. మళ్ళీ గీత చూశాడు. ఆయన మీసం కదిలింది.

“ఎవరయ్యా ఇది గీసింది?”

“నేనేనండీ, కాకపోతే మేడం...”

“ఇది తొండి.”

“మాస్టారూ, ఇది ఆట కాదండీ!”

“ఆటలోనే తొండి పనికిరాదంటే, ఆట కానిదాంట్లో పనికొస్తుందా? ఆ సున్నం డబ్బా ఇలా ఇవ్వు.” వంగి, వంపు మీద కాలితో మట్టి రాసేసి, ఈ కొస నుంచి ఆ కొసకి తిన్నగా గీసేశాడు. గీత ర్యాంపు మధ్యలో, ఊపిరి పీల్చుకునే చోటుకి ఇవతల, అడ్డంగా పడింది. లేచి చేతులు దులుపుకుని, “నీళ్ళకి ఇంజినీరింగు తెలీదు నాయనా,” అన్నాడు.

ఇంజినీరు నోరు తెరిచేలోపు సైరను మోగింది.

వీధంతా కదిలింది. కాళ్ళు బాగున్నవాళ్ళు ముందువైపు మెట్ల మీదుగా టకటకా ఎక్కేశారు. కుట్టక్క కూడా సందు వదిలి, నిజంగా వరదొస్తే వచ్చినట్టే పెద్ద రోడ్డు మీదుగా మెట్ల ముందుకి వచ్చి ఆగింది. తమ్ముడు పక్కకి వచ్చి వంగాడు.

“రా అక్కా, వీపెక్కు.”

“లే.”

“ఇవాళ ఒక్కసారికి...”

“లేవరా.”

“లేవలేకపోతున్నానే!” అన్నాడు వాడు సగంలో ఆగిపోయి. నడుం పట్టేసింది. చొక్కా కాలరు పట్టుకుని ఆవిడే వాణ్ణి పైకి లాగింది. ఎత్తుకోవడం అంటే అదీ!

“ఇక చాలు. నాతో రా,” అంటూ చక్రాలు తిప్పి వెనక సందుకి దారి తీసింది. ర్యాంపు కింద ‘నీళ్ళ’లోకి తిన్నగా వెళ్ళింది.

ఈల మోగింది. “కుట్టక్క మునిగారు!”

వెనకే తమ్ముడు. “తమ్ముడుగారు మునిగారు!”

“నేను మునిని కాదు మాస్టారూ, సంసారిని,” అన్నాడు తమ్ముడు నడుం పట్టుకుని.

“సంసారంలో మునిగినవాడికి ఇదో లెక్కా? టెంటులోకి పో!”

తర్వాత మోకాళ్ళ పిన్ని వచ్చింది. ఆవిడ మోకాళ్ళు మెట్టు అంటే చాలు మొరాయిస్తాయి. ఈల. తోపుడు బండిలో కవలల్ని వేసుకుని ఒక తల్లి వచ్చింది. మూడు ఈలలు, పసిపిల్లలకీ మినహాయింపు లేదు. కళ్ళు సరిగా కనపడని తాతయ్య కమ్మీ పట్టుకుని నెమ్మదిగా ఎక్కుదామని వచ్చాడు. ఈల. నీళ్ళ క్యాన్ల బండివాడు వచ్చాడు. “నీళ్ళు అమ్ముకునేవాణ్ణి నన్నే ముంచేశారా!” అని వాపోతూ టెంటులో కూర్చున్నాడు. ర్యాంపు ఒక్క కుట్టక్క కోసమే కట్టామనుకున్నాడు ఇంజినీరు. టెంటులో కుర్చీలు అయిపోయాయి.

“మాస్టారూ, ఇక ఆపండి, దండం పెడతా. మేడం కారు...” ఇంజినీరు మాట పూర్తి కాలేదు. కారు ఆ సందులోకే వచ్చింది. ఫొటో ర్యాంపు దగ్గరే కదా మరి. తలుపు తెరుచుకుంది. పెద్ద మేడం చిరునవ్వుతో దిగి, ర్యాంపు మొదట్లో కాలు పెట్టింది.

ఆ ఈల పేట చివరిదాకా వినిపించింది.

“మేడంగారు మునిగారు!”

చిరునవ్వు అలాగే ఉంది, దాని వెనక మనిషి మాత్రం మారిపోయింది. “ఏంటిది?”

“నీళ్ళండీ,” అన్నాడు మాస్టారు వినయంగా. “నడుం లోతు. టెంటు అటు.”

“మేడం, నేను చెప్తాను మేడం!” అంటూ ఇంజినీరు దూకాడు.

“మీరూ మునిగారు.”

టెంటులో పెద్ద మేడం కోసం నీళ్ళ క్యాన్లవాడు ఒక క్యాను బోర్లించి వేశాడు. ఆవిడ దాని మీద కూర్చుని చుట్టూ చూసింది. ఒక చక్రాల కుర్చీ, నడుం పట్టేసిన మనిషి, మోకాళ్ళు, కవలలు, చీకటి కళ్ళు. ఎదురుగా పైన, షెల్టరు కిటికీల్లోంచి కాళ్ళు బాగున్నవాళ్ళంతా సినిమా చూసినట్టు చూస్తున్నారు.

“డ్రిల్లు ముగిసే సైరను ఎప్పుడు?” అంది మేడం.

“సైరను అతను టీకి వెళ్ళాడు మేడం,” అన్నాడు ఇంజినీరు, నేల మీద చతికిలబడి.

“అయితే లేచి వెళ్ళొచ్చుగా?”

“మునిగినవాళ్ళు లేవకూడదు,” అన్నాడు మాస్టారు బయట్నుంచి.

అలా ఆ పేట చరిత్రలో మొదటిసారి ఒక మీటింగు నేలమట్టాన జరిగింది.

“మీరేనా నవ్వుతూ ఎక్కాల్సినావిడ?” అంది మేడం.

“నేనేనండీ. నవ్వుదామనే బయల్దేరా. ఆ గోడ మీద మరక చూశారా? అదీ నీళ్ళు. ఇదీ మీ ర్యాంపు. నీళ్ళు రాకముందు నాకు ర్యాంపుతో పనిలేదు, నీళ్ళు వచ్చాక ర్యాంపుకి నాతో పనిలేదు.”

మేడం మరకని చూసింది. గీతని చూసింది. కాలితో చెరిపిన వంపు ఇంకా తెల్లగా, చంద్రవంకలా నేల మీద కనిపిస్తోంది.

“ఆ వంకరేంటి?”

ఇంజినీరు తలొంచుకున్నాడు. కుట్టక్క నాలుక చివరిదాకా ఒక మాట వచ్చింది. మింగేసింది. చెమటకి అతని చొక్కా ఒంటికి అంటుకుపోయింది, పాపం, నిజంగానే మునిగినట్టున్నాడు.

“నేనే తిప్పానండీ,” అన్నాడు అతనే. “ర్యాంపు తడవకూడదని. ముందువైపు మెట్లలో ఒక పక్క కొట్టేస్తే, రోడ్డు మీంచే ర్యాంపు వస్తుంది. మలుపు తిప్పాలి. వస్తుంది మేడం. మెట్ల అందం పోతుంది, అంతే.”

“అందం పోతే పోనివ్వండి, జనం పోకుండా చూడండి,” అంది మేడం. “అది అయ్యేదాకా బడి హాలు హాలుగానే ఉంటుంది. గోడౌను మాటే వద్దు. దీని మీద రేపు ఒకసారి కూర్చుందాం.”

“అలాగే మేడం, రేపు పైన మీటింగు రూములో...” అని ఇంజినీరు చక్రాల కుర్చీ వైపు చూసి, మాటని సగంలో కొరికేశాడు. “కింద... కింద వరండాలో.”

“నువ్వు రావద్దు,” అంది కుట్టక్క తమ్ముడితో.

“రానక్కా.”

“వస్తే రా. తల మాత్రం ఇంట్లో పెట్టి రా.”

వాడు మొదటిసారి నవ్వాడు. నవ్వితే నడుం కలుక్కుమంది. ఆవిడ వాడి వీపు మీద చెయ్యి వేసి, నొప్పి ఎక్కడో వెతికి, బొటనవేలితో గట్టిగా నొక్కింది. ఇన్నేళ్ళూ ఆ వీపు ఆవిడ భారం మోసింది. ఆ వేలికి ఆ సంగతి తెలుసు. నోరు మాత్రం ఎప్పటికీ ఒప్పుకోదు.

సైరను మోగింది. మునిగినవాళ్ళంతా లేచారు.

“అందరూ వచ్చినట్టేనా? ఎవరూ మిగల్లేదుగా?” అంది మేడం చీర కుచ్చిళ్ళు దులుపుకుంటూ.

“పేటంతా వచ్చింది మేడం,” అన్నాడు ఇంజినీరు.

కుట్టక్క పక్క దారి ఎక్కి పెద్ద రోడ్డు మీదకు వచ్చి, అలవాటు కొద్దీ వీధిలోకి చూసింది. నిలువునా నీరైపోయింది.

వీధంతా ఖాళీ. సగం దూరంలో, తన కొట్టుకెదురుగా ఇస్త్రీ బండి. ఇస్త్రీ అన్న తల వంచుకుని, నిమ్మళంగా ఎవరిదో చొక్కా చేతికి మడత పెడుతున్నాడు. రెండు సైరన్లు మోగాయి. అన్ని ఈలలు మోగాయి. అతనికి వరద వచ్చినట్టూ తెలీదు, పోయినట్టూ తెలీదు. ఎవరూ పిలవలేదు. ప్రతి వానకీ రీలు విసిరే మనిషి, ఇవాళ పొద్దున అతని బండి పక్కనుంచే వెళ్ళింది, పక్కకి చూడకుండా.

“నీ మొహం మండా!” అంది కుట్టక్క. ఎవర్నో కాదు, తననే.

చక్రాలు గట్టిగా తోసుకుంటూ వీధిలోకి దిగింది. ఒళ్ళోని సంచీలో చెయ్యి పెట్టి ఒక ఖాళీ రీలు తీసి విసిరింది. అది బల్లమీద పడి దొర్లింది. ఇస్త్రీ అన్న తల ఎత్తాడు. ఆకాశం చూశాడు. మబ్బు లేదు. ఏంటన్నట్టు చెయ్యి తిప్పి, ఆవిడ మొహం చూసి, కోపం ఆ చొక్కా గురించేమోనని, అందులో తన తప్పేం లేదన్నట్టు సైగ చేశాడు.

కుట్టక్క వెనక్కి తిరిగి, కొట్టు అద్దాలు అదిరేలా కేకేసింది.

“ఇంజినీరు బాబూ! కారెక్కకండి. మేడంగారూ, మీరు కూడా! మాస్టారూ, ఆ ఈల జేబులో పెట్టుకుని ఇలా రండి, ఇక్కడ అది పనికిరాదు. మనం ఇంకొకరిని ముంచేశాం!”